మరిది నుదుటి మీద కుట్లు

"లేదని చెప్పెయ్. దమ్మాం నుంచి రేపల్లె దాకా వచ్చి చూసేదెవడు?" అన్నాడు మా ఆయన ఫిన్నీ. సౌదీలో, మా ఆసుపత్రి నర్సుల హాస్టల్ వరండాలో, మెడకూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. రేపు నా లైసెన్సు రెన్యూవల్. తన మీద పోలీసు కేసుంటే నర్సు తానే లైసెన్సిచ్చే బోర్డుకి తెలపాలి. నా మీద ఉంది. చెబితే లైసెన్సు ఊడినా ఊడొచ్చు.

కిందటి సెలవులో రేపల్లె వెళ్ళినప్పుడు, కూరలో ఉప్పెక్కువైందని మా మరిది ఓబదయ్య నా తోడికోడలు సుందరి జుట్టు పట్టుకున్నాడు. నా చేతిలో అట్లకాడ ఉంది. అతని నుదురు చిట్లింది. ఆసుపత్రిలో డాక్టరు భోజనానికి వెళ్తే కుట్లు వేసి కట్టు కట్టిందీ నేనే. తర్వాత స్టేషన్లో రైటరు గాయం సంగతి అడిగాడు. డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించే అలవాటుకొద్దీ పొడవు, లోతు, కుట్లు, కొట్టిందెవరో కూడా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. నా కేసు నేనే రాయించుకున్నానని మా అత్తగారు తల బాదుకుంది.

"మొగాణ్ణి కొట్టానని దేశాలు పట్టుకుని చాటుకుంటావా?" అంటున్నాడు ఫిన్నీ. ఇక్కడ యుద్ధం వచ్చినప్పుడు, సైరన్ మోగినప్పుడల్లా రోగులందరికీ విషవాయువు మాస్కులు తొడిగి ఆఖర్న నేను తొడుక్కునేదాన్ని. అప్పుడూ ఈయన ఫోన్ చేశాడు, "మా తమ్ముడి వీసా ఏమైంది?" అని. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

నా నవ్వు విని ఆయన విసుగ్గా ఫోన్ సుందరికిచ్చి వెళ్ళిపోయాడు.

"అక్కా, మా ఆయన ఉప్పు తనే వేసుకుంటన్నాడిప్పుడు. నేను గరిట తీస్తే అరుగు మీదకెళ్ళి కూచుంటన్నాడు," అంది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు కొట్టలేదని మాత్రం చెప్పమాకక్కా. నాకోసం ఒకళ్ళు చెయ్యెత్తారన్న ధైర్యంతోనే బతుకుతున్నా."

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. నా మనసు దూదిపింజలా తేలిపోయింది. ఈ మాట తర్వాత ఇంకెవరి సలహా కావాలి నాకు?

పొద్దున్నే మేట్రన్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కేరళ మనిషి, నవ్వడం అరుదు.

"కుట్లు చీము పట్టాయా కెజియా?"

"లేదు మేడమ్, శుభ్రంగా మానాయి."

"ఫారంలో ఉన్నదున్నట్టు రాయి. బోర్డుకి నేనూ తెలియజేస్తాను. కోర్టు తేల్చేదాకా డ్యూటీ చేసుకో. తర్వాత వాళ్ళిష్టం." నేను తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "ఈసారి సెలవులో అతను మళ్ళీ ఆ అమ్మాయి మీద చెయ్యేస్తే?"

"మళ్ళీ అతనికి నేనే కట్టు కడతాను మేడమ్," అన్నాను.