పట్టిన చెయ్యి విడువని చెరుకు కణుపు

పొద్దున్నే భార్యకు నీళ్లు పోసి, జడ అల్లి, చాయ్ తాగించి అప్పుడు చెరుకు చేనుకు పోయేటోడు లింబాద్రి. ఆ భార్య భీమవ్వ అంటే ఎవరనుకున్నారు? బోధన్ నుంచి ధర్పల్లి దాకా ఆమెలాగా బీడీలు చుట్టే మనిషి ఇంకా పుట్టలేదు. ఆమె ఆకు కత్తిరిస్తుంటే ఆ గాలికి పక్కింటి దీపం ఆరిపోయేది. అట్లాంటి కుడిచెయ్యి బెల్లం గానుగలో చెరుకుతో పాటు నలిగింది. దవాఖానలో కుట్లేస్తే చెయ్యి దక్కింది గానీ వేళ్లు ముడవవు, నిప్పు తగిలినా తెలియదు. మొగునితో స్నానం చేయించుకునుడు ఆమెకు చావుతో సమానం. తన నీళ్లు తానే పోసుకోవాలని ఒకటే పంతం.

చెంచా, దువ్వెన, మగ్గు, వీటి పిడులు లావుగా ఉంటే బిరుసు వేళ్లకూ పట్టు చిక్కుతుందని, మెత్తటి రబ్బరు గొట్టం తొడగమని దవాఖాన నర్సు విమలమ్మ చెప్పింది. లింబాద్రికి లావంటే తెలిసింది ఒక్కటే. పచ్చి చెరుకు కణుపులు తొలిచి మూడింటికీ బిగించిండు. తన చేతిని నలిపిన చెరుకే మళ్లా చేతికొచ్చేసరికి భీమవ్వ మగ్గును అవతలికి నెట్టింది.

"నన్ను సంపుతవా ఏంది? తియ్యి దాన్ని."

"గానుగల పడ్డ చెరుకు వేరే. ఇది మన చేన్లది," అన్నడు లింబాద్రి, అదేదో పెద్ద తేడా అయినట్టు.

తడి తగిలి మగ్గు పిడి మొలకెత్తింది. మగ్గు ముట్టగానే తెల్లటి వేర్లు వేళ్లను చుట్టుకునేవి, పని కాగానే వదిలేవి. వాడకట్టులో ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. పక్కింటి సవిత మాత్రం ఆకులు ముదిరితే తన బర్రెకు ఇమ్మన్నది. భయమల్లా భీమవ్వకే. మొద్దుబారిన చేతిని అది లోలోపల నమిలేస్తుంటే తనకెట్ల తెలుస్తది?

ఆ పొద్దు లింబాద్రి బకెట్లో హీటర్ రాడ్డు పెట్టంగనే కరెంటు పోయింది. రాడ్డు అట్లనే వదిలి, వచ్చినంక నీళ్లు పోస్తనని చేనుకు పోయిండు. ఇదే అదను అనుకుని భీమవ్వ స్నానం చేసే జాలారిలోకి దూరి తడిక వేసుకున్నది. కరెంటు లేదన్న ధీమాతో స్విచ్చు దిక్కే చూడలేదు. మగ్గు అందుకుంటే వేర్లు చుట్టుకున్నయి. ముంచబోతే చెయ్యి కిందికి దిగలేదు. వేర్లు బండల సందుల్లోంచి భూమిలోకి దిగి, చేతిని నీళ్ల మీద జానెడెత్తున కట్టేసినయి. పది జతల ఎడ్లు గుంజినా ఊడని పట్టు అది. గుంజింది, ఏడ్చింది. అచ్చం గానుగ పట్టినట్టే ఉన్నది.

"సవితా, ఇది నన్ను మింగుతున్నదే."

ఉరికొచ్చిన సవిత వేర్లను చూడనేలేదు. బకెట్‌ను చూసింది. నీళ్లు సుయ్యిమంటున్నయి. స్విచ్చు ఆపి, వైరు పీకి, రాడ్డు తీసి అవతల పెట్టింది.

"కరెంటు అచ్చి శానా సేపయింది అక్కా," అన్నది మెల్లగా.

భీమవ్వ కూలబడ్డది. వేర్లు ఒక్కొక్కటే నేలలోంచి పైకొచ్చినయి గానీ వేళ్లను విడువలేదు. సవిత చన్నీళ్లు కలిపి, తానే పోస్తానని మగ్గు కోసం చెయ్యి చాపింది.

"వద్దు. నువ్వు బయట నిలబడు, పిలిస్తే రా."

తడిక మూసుకున్నంక భీమవ్వ మగ్గును మొహం దగ్గరికి తెచ్చుకుని, "గట్టిగ పట్టు," అన్నది. ఆ చేతితోనే మొదటి మగ్గు నెత్తిమీద కుమ్మరించుకున్నది.