సైరన్‌కొక గోలీ

మా బాపు కొమురెల్లి ఒక్కసారి నడుం వాల్చి పడుకుంటే చాలని ఇరవై రోజులుగా ఎదురుచూస్తున్నాం. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో పనిచేసిన మనిషి, క్యాన్సర్ వెన్నెముకకు పాకాక గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తున్నాడు.

వారం కింద డాక్టరు మార్ఫిన్ గోలీలు రాశారు. నాలుగు గంటలకొకటి వేయమన్నారు. అవి చూసుకునేది అమ్మే. అయినా బాపు మూలుగు ఆగలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇంటికొచ్చి చూసే నర్సు సారిక మీద విరుచుకుపడ్డాను.

"ఇవి మందు గోలీలా, సున్నం బిళ్లలా?"

ఆమె డబ్బా విప్పి చూసింది. సగం గోలీలు అట్లాగే ఉన్నాయి.

"అవ్వా, ఎప్పుడెప్పుడు ఏస్తున్నవ్?"

"బావి సైరన్ కూసినప్పుడల్లా," అంది అమ్మ. "మూడు షిఫ్టులకు మూడు."

బాపు రిటైరైనా మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఇప్పటికీ సైరన్‌తోనే. కానీ గోలీలు తగ్గించింది ఆ అలవాటు కొద్దీ మాత్రమే కాదు. నేను గుచ్చి అడిగితే అమ్మ తల దించుకుంది.

"గా గోలీ నల్లమందేనట బిడ్డా. ఎక్కువేస్తే దానికి మరుగుతడు. మళ్ల మనిషి గాడు."

సారిక అమ్మ పక్కన కూర్చుంది. "నల్లమందులకెల్లి తీసిందే. నువ్వు కూరల నూరే గసగసాలు లేవా, ఆ కాయకు గాటు పెడితే కారే పాలే. నొప్పున్నోనికి డాక్టర్ చెప్పినట్టు ఇస్తే భయం లేదు. కానీ దీని బలం నాలుగు గంటలే. ఎనిమిది గంటలకోసారి కూసే సైరన్ దాక మిగిలిన నాలుగు గంటలు కొమురెల్లి కాక ఎట్ల ఓర్సుకోవాలె?"

అమ్మ ముఖం పాలిపోయింది.

ఆ రోజు నుంచి గడియారం చూసి వేశాం. మూడో రోజు పొద్దున పదకొండింటి గోలీ వేశాక బాపు తనంతట తానే మంచం మీద వెల్లకిలా వాలి కాళ్లు చాపాడు.

"నొప్పి ఏడికి పోయిందే?" అని అడిగి కళ్లు మూశాడు.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నా చిటికెన వేలి గోరంత లేదు ఆ గోలీ. ఎక్కడో పొలంలో ఒక కాయ కార్చిన పాలు, బండలు మోసిన మా బాపునే వంచేసిన నొప్పిని పక్కకు నెట్టాయి. నేను పనులన్నీ మరిచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

మూడింటికి రెండో షిఫ్టు సైరన్ కూసింది. ఆ కూతకు బాపు కళ్లు తెరవకపోవడం నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు కదల్లేదు. అమ్మ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలినట్టుంది, వేలు తీసి మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, గోలీ టైమైంది. లేపు," అన్నాను.

గోలీ ఆమె చేతిలోనే ఉంది. "లేపుత. ఒక్క నిమిషం పండనియ్యి," అంది. "వారం రోజులు నేనే పండనియ్యలే."