జిప్పు రెండో కొస

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. పొద్దుటి నుంచి పట్టిన ముసురు అప్పుడే విడిచింది. తరగతి కిటికీ ఊచలకు నీటిబొట్లు ఇంకా వేలాడుతున్నాయి. లైబ్రరీ టీచరు పుస్తకంలో ఆఖరి పేజీ చదివి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ఆటిజం ఉన్న ఒక పిల్లవాడిని తోటివాళ్లు దూరం పెట్టడం, తరువాత ఒక్కొక్కరే దగ్గర కావడం, చివరికి అందరూ కలిసి అతన్ని హత్తుకోవడం ఆ పుస్తకంలోని కథ.  ఎవరో తాడు పట్టి లాగినట్టు, ఆరో తరగతి తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి.

మూడో బెంచీలో గోడవైపు చిన్ని కూర్చుంది. ఆమె పక్కన వాగుడుకాయ. బెంచీ కింద, ఇద్దరి మోకాళ్ల మధ్య, జానెడు జిప్పు.

ఆ జిప్పు అక్కడికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. వాగుడుకాయకు ఆ పేరు ఊరికే రాలేదు. పక్కన ఎవరిని కూర్చోబెట్టినా వాళ్ల చెవులు చిల్లులు పడవలసిందే. అందుకే బడి తెరిచిన కొత్తలో క్లాసు టీచరు ఆమెను శిక్షగా చిన్ని పక్కన పడేసింది. చిన్ని మాట్లాడదు, మాట్లాడినా ఒక్క ముక్క, అదీ గోడతో. "ఇక వాగు, ఎంతసేపు వాగుతావో నేనూ చూస్తా" అంది టీచరు. వాగుడుకాయ వాగింది. తాను పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోమని అనని మనిషి ఈ పిల్ల ఒక్కతేనని కొన్నాళ్లకు గ్రహించింది.

వాగుడుకాయ అమ్మమ్మ సంచులు బాగుచేసేది. పాత సంచుల నుంచి ఊడదీసిన జిప్పుల్లో ఒకటి ఒకనాడు మనవరాలి జేబులో బడికి వచ్చింది. గోల పెరిగినప్పుడల్లా చిన్ని చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగేది. ఆ రోజు ఊగుతూనే జిప్పును చూసి చెయ్యి చాపింది. ఊడదీసిన జిప్పు దానంతటది నడవదు. కింది కొసను ఒకరు బిగించి పట్టుకోవాలి. వాగుడుకాయ పట్టుకుంది, చిన్ని లాగింది. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఊగడం ఆగింది. ఆనాటి నుంచి రోజూ అదే ఆట. వాగుడుకాయ కావాలని కొస వదులు చేస్తే చిన్ని ముక్కులోంచి పిసరంత నవ్వు వచ్చేది. ఆ నవ్వు బడిలో ఇంకెవరి చెవినా పడలేదు. పడలేదు గనుకనే, వాళ్లిద్దరూ స్నేహితులని ఎవరికీ తోచలేదు.

"మన తరగతిలో కూడా అలాంటి నేస్తం ఉంది కదూ?" అంది లైబ్రరీ టీచరు. ఆమె మంచి మనిషి. "పాపం, ఇన్నాళ్లూ ఒంటరిగా ఉండిపోయింది. రేపటి నుంచి రోజుకొకరం తన పక్కన కూర్చుందాం. సరేనా?"

చేతులన్నీ లేచాయి. "ముందు నేను టీచర్!" "పోవే, నేను!"

వాగుడుకాయ లేచి నిలబడింది. "మరి నేను, టీచర్?"

"నువ్వు చాలా రోజులు కూర్చున్నావు కదమ్మా. అందరికీ అవకాశం రావాలి. నీ వంతు మళ్లీ వస్తుందిలే."

"అది కాదు టీచర్, తనకి జిప్పు..."

"అమ్మో, మొదలెట్టింది! ఇక సాయంత్రం దాకా ఆగదు" అన్నారెవరో వెనక నుంచి. తరగతి గొల్లున నవ్వింది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వాగుడుకాయ మాట మధ్యలో మింగి కూర్చుంది.

ఇంటికి వెళ్లి అమ్మమ్మ దగ్గర వెళ్లబోసుకుంది. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"అయితే వచ్చే పిల్లలకి కొస ఎలా పట్టుకోవాలో నేర్పవే."

"నేర్పను. అది నాది."

"ఏది, జిప్పా?"

"చిన్ని."

"మనిషిని జేబులో వేసుకుని తిరుగుతావా ఏంటే, పిచ్చి మొహమా?"

 వాగుడుకాయ లెక్క వాగుడుకాయకు ఉంది. వాళ్లకు చేతకాదు, చేతకాక తననే పిలుస్తారు. అంతవరకు జిప్పు జేబు దాటి బయటికి రాదు.

మొదటి రోజు ఒకమ్మాయి బొమ్మ తెచ్చింది. మరునాడు ఒకబ్బాయి చాక్లెట్లు తెచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, సాగదీసి మాట్లాడాడు. చిన్ని గోడకు ఇంకాస్త జరిగింది. ఆమె చెయ్యి మాత్రం బెంచీ కిందికి వెళ్లి, పక్కవాళ్ల ఒడిలో దేనికోసమో వెతికేది.

"టీచర్, గిల్లుతోంది!"

"గిల్లడం కాదమ్మా, నీ చెయ్యి పట్టుకోవాలని చూస్తోంది" అని మురిసిపోయింది లైబ్రరీ టీచరు.

తనను మార్చిన ఆఖరి బెంచీ నుంచి వాగుడుకాయ ఆ చేతిని చూసింది. జేబులోని జిప్పును పిడికిట బిగించింది. ఇంకొక్క రోజు, అనుకుంది.

మరునాడు క్లాసు లీడరు వంతు. ఆ అమ్మాయికి పుస్తకంలోని ఆఖరి పేజీ కంఠతా వచ్చు. గంట కొట్టగానే "అందరూ రండే!" అని పిలిచి, చిన్నిని రెండు చేతులా వాటేసుకుంది. మిగతావాళ్లు మీద పడ్డారు. వాళ్లలో ఒక్కరికీ చెడు తలంపు లేదు. చిన్ని అరిచిన అరుపు వరండా అవతలి తరగతుల దాకా వినిపించింది. తల వెనక్కి విసిరింది. లీడరు ముందుపన్ను విరిగి, తెల్ల చొక్కా మీద నెత్తురు పడింది.

"వదలండే! ముట్టుకోకండి! కొస పట్టుకుంటే చాలు!" అంటూ వాగుడుకాయ బెంచీల మీది నుంచి దూకి వచ్చింది. ఆమె అరుపులకు అలవాటు పడిన తరగతి అప్పుడూ ఆమె మాట పట్టించుకోలేదు. ఆమె చేరేసరికి చిన్ని బెంచీ కింద ముడుచుకుని ఉంది. వాగుడుకాయ నేలమీద బోర్లా పడుకుని జిప్పు చాపింది. చిన్ని చూడలేదు. ఎంతసేపు చాపినా చూడలేదు.

లీడరు తండ్రి వచ్చాడు. హెడ్మాస్టరు గది తలుపులు మూసుకున్నాయి. సాయంత్రం చిన్ని తల్లి ఆస్పత్రి ఆయా చీరలోనే వచ్చి, కూతురి పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుంది. గేటు దగ్గర వాగుడుకాయ ఎదురుపడింది.

"నువ్వేనా అమ్మా వాగుడుకాయవి?"

ఆమె తల ఊపింది.

"నువ్వు చెప్పినవన్నీ మా చిన్ని రాత్రి గోడకి పొల్లుపోకుండా అప్పజెప్పేది. మీ అమ్మమ్మ మోకాళ్ల నొప్పులూ, మీ ఇంటి పిల్లి దొంగతనాలూ అన్నీ నాకు తెలుసు." ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "అదంతా విని నీకు పెద్ద వయసు అనుకున్నాను."

"రేపు తీసుకొస్తారా, ఆంటీ?"

"లేదమ్మా. ఇక్కడ వద్దన్నారు."

వాగుడుకాయ జేబులోంచి జిప్పు తీసి ఆమె చేతిలో పెట్టింది. "కింది కొస మీరు పట్టుకోవాలి. బిగించి పట్టుకోవాలి." ఇంకా చెప్పవలసింది చాలా ఉంది.  తల్లి కొంగు కొస పట్టుకుని, గోడవైపే చూస్తూ చిన్ని గేటు దాటింది.

లైబ్రరీ టీచరు ఆ పుస్తకాన్ని మరుసటి ఏడు ఆరో తరగతికీ చదివి వినిపించింది.

వాగుడుకాయా చిన్నీ మళ్లీ కలుసుకోలేదు. పెద్దయ్యాక చిన్ని ఒక సంచుల ఫ్యాక్టరీలో జిప్పులు సరిచూసే పనిలో కుదిరింది. అక్కడ జిప్పు కింది కొసను బల్లకు బిగించిన ఇనుప పట్టకారు పట్టుకుని ఉంటుంది.