చదవకుండా పెట్టిన సంతకం

ఆ పొద్దున ఆకాశం నల్లగా కమ్ముకుని నెత్తి మీదికి దిగింది గానీ చుక్క రాల్చలేదు. ఎగువన కురిసిన నీళ్లతో వాగు మాత్రం ఒడ్లొరుసుకుని పారుతోంది.

పంచాయతీ ఆఫీసులో మరిది కాగితాలు సర్దుతున్నాడు. వదిన ప్రెసిడెంటు, తను గుమాస్తా. పేకముక్కలు పట్టినట్టు ఒకదాని కింద ఒకటి, సంతకం చోటు మాత్రమే కనబడేలా పేర్చేవాడు. నలభై కాగితాలు నాలుగు నిమిషాల్లో తెమిలిపోయేవి. గెలిచిన కొత్తలో ఆవిడ ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదివేది. "ఇట్లా చదివితే మనం ముసలాళ్లమైపోతాం వదినా" అని ఈ పద్ధతి అలవాటు చేసింది అతనే.

ఆ రోజు కట్టలో ఇంజినీరు రాసిన కాగితం ఒకటుంది. వాగు మీది వంతెన స్తంభం కింద మట్టి కోసుకుపోయింది, రాకపోకలు ఇవాళే ఆపించాలని. మరిది చదివాడు. పదకొండింటికి వదిన ఊరేగింపు ఆ వంతెన మీదుగానే. అది అయ్యాక చూపిద్దాంలే అనుకుని, మిగతావాటితోనే పేర్చాడు.

ఆవిడ ఫోనులో మండిపడుతూనే సంతకాలు గీకుతోంది. "నా చేతిలో ఓడినవాడు నన్ను కీలుబొమ్మ అన్నాడా! వెయ్యి మందితో వాడి గుమ్మం ముందు నుంచే నడుస్తా. వాడి కళ్లు పేలిపోవాలి!"

"వదినా, ఇదొక్కటి..."

"ఏంట్రా?" ఆవిడ తలెత్తలేదు.

"ఏం లేదు. కానివ్వు."

తర్వాత ఇంజినీరుకు ఫోను చేసి, "మేడం చూశారండీ" అన్నాడు.

వదిన ముందు వరుసలో వంతెన దాటేసింది. వెనక వరుసలు నడుమకి వచ్చేసరికి స్తంభం ఒరిగింది. ఐదుగురు పోయారు. వాళ్లలో బడికి బల్లలు చేసిచ్చిన వడ్రంగీ, అతని భార్యా ఉన్నారు.

మధ్యాహ్నం ఇంజినీరు వచ్చాడు. "చూశారని చెప్పాడమ్మా మీవాడు. ఇక ఆపిస్తారు గదా అని ఊరుకున్నా" అన్నాడు.

అతను వెళ్లాక మరిది తలుపు వేశాడు. "సంతకం ఉన్నది ఒక్క కాగితమే వదినా. పొయ్యిలో పెడితే పీడా పోతుంది."

"నువ్వు చదివావా?"

అతను కాగితం మడతపెట్టబోయాడు.

"నిన్నేరా, చదివావా?"

"చదివా."

ఆవిడ అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. "నేను చదివినా ఆపేదాన్నని ఒట్టేసి చెప్పలేనురా. ఆ కోపంలో నాకు వాడి గుమ్మం తప్ప ఇంకేం కనబడలా. పద, స్టేషనులో ఇచ్చేద్దాం. నీ మాట నువ్వు చెప్పు, నా మాట నేను చెప్తా."

"ఇద్దరం మునుగుతాం వదినా."

"ఐదుగురు మునిగారు" అంది.

స్టేషనులో వాంగ్మూలాలు రాసుకుని, రేపు మళ్లీ రమ్మన్నారు. ఇల్లు చేరేసరికి మరిది అన్న, అంటే ఆవిడ భర్త, మూడు కంచాల్లో వడ్డించి కూర్చున్నాడు. వదిన ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. తర్వాత నోట్లో పెట్టుకుంది. మరిదీ తలొంచుకుని తిన్నాడు.