ఖాళీగా పడున్న నాలుగువేల గదులు

పెర్త్‌లోని ప్రయోగశాలలో నెరిడా ఏడు నెలలుగా ఒకే చిప్‌తో తలపడుతోంది. ఎడారిలోని రేడియో టెలిస్కోపు పంపే అంకెలన్నిటినీ లెక్కగట్టేది అదే. దాని లోపలి సర్క్యూట్లను కావలసినట్టు మళ్ళీ మళ్ళీ అల్లుకోవచ్చు. లెక్క చిటికెలో చేస్తుంది గానీ, తర్వాతి అంకె దూరపు మెమరీ నుంచి వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. మాటిమాటికీ కావలసినవి చేతికందేలా ఉంటాయని నెరిడా చిప్‌లోనే క్యాష్ అనే చిన్న మెమరీని, అంకెకో గది చొప్పున, కట్టింది. అయినా వేగం పెరగలేదు. ఇక లాభం లేదని, ఇంకా పెద్ద చిప్‌లున్న బోర్డులు కావాలని పై అధికారి గ్వెండాకు తనే రాసిచ్చింది.

మంగళవారం పొద్దున్న, ఏ అంకె క్యాష్‌లో ఏ గదికి వెళ్తోందో జాబితా తీసింది. సున్నా నంబరు గది. మళ్ళీ సున్నా. సున్నా. పేజీ నిండా సున్నాలే.

"కోస్టా, ఇటు రా. నవ్వనని మాటివ్వు."

"అది కుదరదు. చెప్పు," అన్నాడు పక్క కుర్చీలోని కోస్టా.

"టెలిస్కోపు అంకెల్ని పేర్చిన మన పట్టికలో వరుసకు నాలుగువేల తొంభై ఆరు అంకెలు. క్యాష్‌లో గదులూ సరిగ్గా అన్నే. నిలువుగా చదివేసరికి అన్నీ వచ్చి ఒకే గదిలో పడుతున్నాయి, ముందున్నదాన్ని బయటికి తోసేసి."

"మరి మిగతా గదులు?"

"ఏడు నెలలుగా ఖాళీ."

కోస్టా బల్ల మీద తల వాల్చేశాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

నిలువుగా చదివినప్పుడు ఒక్కో అంకె ఒక్కో పక్క గదికి జరిగేలా, వరుస చివర ఒక ఖాళీ చోటు చేర్చారు, అంతే. చిప్‌ను మళ్ళీ అల్లడానికి ఐదు గంటలు. కూర్చోలేక కాటెస్లో బీచికి పోయి చేపలు, చిప్స్ తిన్నారు. నెరిడా చేతిలోని ముక్కను సీగల్ పక్షి ఎత్తుకుపోతే, "తిననీ పాపం," అంది.

తిరిగొచ్చి చూస్తే పదకొండు రెట్లు వేగం. నమ్మలేక మూడుసార్లు నడిపింది. జవాబులు చివరి అంకె దాకా సరిపోయాయి. మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరుగెత్తింది.

"గ్వెండా, ఆ బోర్డులు వద్దు."

"నిన్నటిదాకా అవి లేకపోతే బతకనన్నావుగా?"

"నిన్న నేను మొద్దుని."

"ఇవాళ?"

"ఇవాళా మొద్దునే. కాకపోతే పదకొండు రెట్లు వేగం."

గ్వెండా చేతిలోని పెన్ను పక్కన పెట్టి కుర్చీ చూపించింది. నెరిడా కూర్చోలేకపోయింది. గది ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే అంతా చెప్పింది. గుమ్మంలో నిలబడ్డ కోస్టా, ఏడు నెలలన్న మాట వచ్చిన ప్రతిసారీ తనూ దాన్ని ఒత్తి పలికాడు.