హానిమ్ గారి పూలకుండీల స్టాండు

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ వీధిలో ఇస్త్రీ దుకాణం నడిపే మెత్వల్లీకీ, అతని భార్య ఇన్షిరాహ్‌కీ దేనికి కొరత వచ్చినా సలహాలకి మాత్రం ఏనాడూ రాలేదు. వాళ్ల కూతురు బుదూర్‌కి పుట్టేటప్పుడు ఊపిరి అందలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఏడేళ్లొచ్చినా మెడ ఒక పక్కకి వాలిపోతుంది, కాళ్లు కత్తెరలా మెలిపడిపోతాయి, మాట ఒక్కో ముక్కా ఆగి ఆగి వస్తుంది. వచ్చే మాట మాత్రం కారం రాసుకుని మరీ వస్తుంది.

పక్కింటావిడ తేనెలో నల్లజీలకర్ర నాకించమంది. ఎదురింటావిడ దిష్టి అంది. మేనత్తయితే పిల్లని నడుం దాకా వేడి ఇసుకలో పాతిపెట్టమంది. పాతితే ఎందుకు నిలబడదూ, ఖర్జూరం మొక్క నిలబడట్లేదా! సలహా ఇచ్చిన ప్రతివాళ్లూ టీ తాగి, "దేవుడు మేలు చేస్తాడులే" అని ఆ భారం కూడా దేవుడి మీదే పడేసి వెళ్లారు.

సలహా కాకుండా పనికొచ్చే ముక్క చెప్పింది రావియా ఒక్కతే. ఆమె ప్రభుత్వాసుపత్రిలో ఫిజియో.

"ఈ పిల్లకి ముందు ఒక స్టాండింగ్ ఫ్రేమ్ కావాలక్కా. రోజూ కాసేపు సరిగ్గా నిలబెట్టాలి. లేకపోతే ఎముకలు గట్టిపడవు, తుంటి కీలు జారిపోతుంది," అని ఫోనులో బొమ్మ చూపించింది. కింద పాదాలకి పలకలు, మోకాళ్లకీ నడుముకీ ఛాతీకీ పటకాలు, ముందు బల్లలాంటి చెక్క. ఇన్షిరాహ్ ఆ బొమ్మని తన ఫోనులోకి వేయించుకుంది. అప్పట్నుంచీ తీరికున్నప్పుడల్లా, పెళ్లీడు కుర్రవాడి ఫోటోని కాబోయే అత్తగారు చూసినట్టు, దాన్నే చూసేది.

వైద్య పరికరాలమ్మే దుకాణానికి వెళితే దుకాణదారుడు ఒక చక్రాల కుర్చీని దొర్లించుకొచ్చాడు. అందులో బుదూర్‌తో పాటు మెత్వల్లీ కూడా కూర్చోవచ్చు.

"ఇది పెద్దవాళ్లది కదన్నా?"

"పిల్లలు పెరగరా ఏంటమ్మా? కాస్త పెద్దదే తీసుకో, పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

"అయితే పెళ్లి బట్టలు కూడా ఇప్పుడే కుట్టించేస్తాలే."

రెండో దుకాణంలో పెద్దమనిషి ఫోనులో బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి తాపీగా అడిగాడు: "పిల్ల నిలబడలేదన్నావుగా, నిలబెట్టడమెందుకు తల్లీ? కూర్చోబెట్టు. కూర్చోలేకపోతే పడుకోబెట్టు. మంచి పరుపులున్నాయి మా దగ్గర."

అలా రెండేళ్లు తిరిగాక, 'దయాహస్తం' అనే సంఘం వాళ్లు పిల్లలకి ఉచితంగా కుర్చీలు పంచుతున్నారని తెలిసింది. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో సభ. బెలూన్లు, బ్యానర్లు, కెమెరాలు. సంఘం అధ్యక్షురాలు షెవికార్ హానిమ్ మెడలో ముత్యాలు, చేతిలో మైకు. హానిమ్ అంటే దొరసాని; పేరులోనే పాతకాలపు పాషాల దర్జా ఉన్న మనిషి.

"ఈ చిన్నారులు మన మధ్య తిరిగే దేవదూతలు!" అని ఆవిడ కళ్లొత్తుకుంది.

బుదూర్ తల్లి ఒళ్లోంచి తలెత్తి, "అమ్మా... దేవదూతలకి... రెక్కలుంటాయిగా. మరి... కుర్చీ ఎందుకు?" అంది.

కుర్చీ రానే వచ్చింది. దుకాణంలో చూసిన దానికి అన్నలాంటిది. బుదూర్‌ని అందులో కూర్చోబెడితే గంగాళంలో శనగ్గింజలా అడుగుకి జారిపోయింది. ఫోటో తీసేవాడు, "కొంచెం పైకి లాగండి, మొహం కనపడట్లేదు," అన్నాడు. ఇన్షిరాహ్ వెనకనుంచి కూతురి చంకల్లో చేతులు పెట్టి ఎత్తి పట్టుకుంది. హానిమ్ నవ్వింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ కుర్చీ ఇంటి గుమ్మంలో పట్టలేదు. దుకాణంలో పెట్టారు. ఇస్త్రీ చేసిన బట్టలు ఇళ్లకి చేరవేయడానికి దాన్ని మించింది లేదని మెత్వల్లీ రెండు రోజుల్లో కనిపెట్టాడు. కర్మూజ్ వీధిలో లాయరు గారి చొక్కాలు బుదూర్ ఏనాడూ ఎరగని దర్జాతో ఊరేగాయి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పక్కింటావిడ ఏదో ఫోటో పంపింది. షెవికార్ హానిమ్‌కి ఎవరో సేవా పురస్కారం ఇచ్చారట. ఆవిడ తన ఆఫీసులో ఆ ఫలకం పట్టుకుని నవ్వుతోంది. ఇన్షిరాహ్ చూసింది ఫలకాన్ని కాదు, హానిమ్‌నీ కాదు. ఆవిడ వెనక కిటికీ దగ్గర ఒక స్టాండు ఉంది. దాని బల్ల మీద రెండు పూలకుండీలు. పటకాల చుట్టూ ముద్దుగా అల్లుకుని ఒక తీగ. పక్క కొయ్యకి హానిమ్ గారి కోటు.

ఇన్షిరాహ్ ఫోటోని పెద్దది చేసింది. పాదాల పలకలు కనిపించాయి.

"ఏమండోయ్, అల్లుడు దొరికాడు," అని దుకాణంలోకి కేకేసింది.

మెత్వల్లీకి అర్థం కాలేదు. ఫోను చూశాక అర్థమైంది. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో కాలరు కమురు వాసన వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఇన్షిరాహ్ బుదూర్‌ని భుజానేసుకుని ట్రాము ఎక్కింది. నడవలేని వాళ్లకి సేవ చేయడానికి పెట్టిన ఆ సంఘం ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేకేం, ఉంది. దాని మీద 'సిబ్బందికి మాత్రమే' అన్న బోర్డూ ఉంది. కాపలావాడు ఆ బోర్డు వైపు వేలు చూపించి, మెట్ల వైపు గడ్డం చూపించాడు. ఎక్కేసరికి ఇన్షిరాహ్ ముసుగు చెమటకి తడిసి ముద్దయింది.

"దిగితే... బాగుణ్ను," అంది బుదూర్.

"ఎందుకే?"

"నీ గుండె... నా చెవిలో... డప్పు కొడుతోంది."

షెవికార్ హానిమ్ సాదరంగానే పలకరించింది. ఫోటోలో ఉన్న పిల్లలందరినీ ఆవిడ గుర్తుపడుతుంది, పేర్లతో మాత్రం పని లేదు. ఇన్షిరాహ్ కిటికీ వైపు చూపించింది.

"ఓ, అదా! ముచ్చటగా ఉంది కదూ? బయటి దేశం నుంచి విరాళాల కంటెయినర్‌లో వచ్చిందమ్మా. కుండీల స్టాండుని కూడా ఎంత అందంగా చేస్తారో చూడు వాళ్లు!"

"హానిమ్, అది కుండీలది కాదు. నిలబడలేని పిల్లల్ని నిలబెట్టేది."

"అలాగా?" హానిమ్ కళ్లజోడు సవరించుకుంది. "మరి ఈ పటకాలు?"

"ఛాతీకి."

"అయ్యో, నేను తీగలు అల్లించడానికనుకున్నా." ఆవిడ ఒక్క క్షణం నిజంగానే చిన్నబుచ్చుకుంది. కానీ అధ్యక్షులు ఎక్కువసేపు చిన్నబుచ్చుకోరు. "తెలియడం మంచిదైంది. దీన్ని మీ పిల్లకే ఇద్దాం. రంజాన్‌లో ఒక సభ పెడదాం. వేదిక, టీవీ వాళ్లు..."

"రంజాన్‌కి ఇంకా ఏడు నెలలుంది హానిమ్."

"మంచి పనికి తొందరెందుకమ్మా?"

ఇన్షిరాహ్ బుదూర్‌ని సోఫాలో ఆనించి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక కుండీ తీసి హానిమ్ బల్ల మీద పెట్టింది. రెండోది తెచ్చి దాని పక్కన పెట్టింది. తీగని తుంచకుండా ఓపిగ్గా విప్పింది. కోటుని మడతపెట్టి కుర్చీ మీద వేసింది. ఇస్త్రీవాడి పెళ్లాం కదా, మడత మాత్రం అద్భుతంగా కుదిరింది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావ్?"

"కొలత చూస్తున్నా హానిమ్. దర్జీ దగ్గరైనా చూడమా?"

బుదూర్ పాదాలు పలకల మీద ఆనించింది. మోకాళ్ల పటకా, నడుం పటకా, ఛాతీ పటకా. బొమ్మలో చూసి చూసి ఏది ఎక్కడో కళ్లు మూసుకున్నా తెలుసు ఆమెకి. బిగించి, చేతులు వదిలి, ఒక అడుగు వెనక్కి వేసింది.

పిల్ల నిలబడింది.

ఒళ్లో మోసింది, మంచం మీద కడిగింది, నేల మీద ఆడించింది గానీ కూతురు ఇంత పొడుగెదిగిందని ఇన్షిరాహ్‌కి తెలియనే తెలియదు. తన రొమ్ముల దాకా వచ్చింది. ఎప్పుడొచ్చింది ఇంత పొడుగు? ఎవరూ చెప్పలేదే!

బుదూర్ మెడని కష్టం మీద నిలబెట్టుకుని చుట్టూ చూసింది. తర్వాత బల్ల వెనక కూర్చున్న షెవికార్ హానిమ్ వైపు తేరిపార చూసింది. ఇంతకాలం అందర్నీ కిందనుంచే చూసిన పిల్ల.

"హానిమ్..." అంది. "మీరు... ఇంత... పొట్టా?"

హానిమ్ గబుక్కున లేచి నిలబడింది. పెద్దగా తేడా రాలేదు. టీ గ్లాసులు తెచ్చిన కాపలావాడు గుమ్మంలో దగ్గు అభినయించాడు.

"చురుకైన పిల్ల," అంది హానిమ్ పళ్ల బిగువున. అంతలోనే సర్దుకుని ఫోను తీసింది. "ఆగమ్మా, ఒక్క ఫోటో. ఇంత మంచి ఘట్టం..."

"తీయండి హానిమ్," అంది ఇన్షిరాహ్. "కుండీలు కూడా పడేలా తీయండి. మీ పురస్కారం ఫోటో మా వీధంతా చూసింది. ఆ స్టాండు ఏంటో నిన్న సాయంత్రం వీధంతటికీ చెప్పాను. ఇది కూడా పక్కన పెట్టి చూపిస్తాను, జనానికి తేడా తెలుస్తుంది."

ఫోను సంచీలోకి వెళ్లిపోయింది.

"అంత అవసరమైతే ఇప్పుడే తీసుకెళ్లు," అంది హానిమ్. "మేమున్నదే మీకోసం కదా."

స్టాండు సంఘం ఆస్తి కాబట్టి లిఫ్టులో దిగింది. బుదూర్ సంఘం ఆస్తి కాదు కాబట్టి తల్లి భుజం మీద మెట్లు దిగింది.

సాయంత్రం రావియా దుకాణానికి వచ్చింది. పటకాలు, పలకలు, మరలు అన్నీ తడిమి చూసింది. "వస్తువు మంచిదే అక్కా. ఎత్తు మాత్రం అయిదేళ్ల పిల్లకి పెట్టి ఉంది. పెంచాలి. ఇది ఎప్పుడొచ్చిందట ఈ దేశానికి?"

"రెండేళ్లయిందన్నాడు కాపలావాడు."

రెండేళ్ల కిందట బుదూర్‌కి అయిదేళ్లు. ఆ లెక్క ముగ్గురికీ వచ్చు. ఆ రెండేళ్లలో పిల్ల ఎడమ తుంటి కొంచెం పక్కకి జరిగింది. పూలు మాత్రం ఏపుగా పెరిగాయి.

హానిమ్ గారు కుండీలకి శ్రద్ధగా నీళ్లు పోయించేది కాబోలు, మరలన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మెత్వల్లీ వాటికి కిరసనాయిలు పట్టించాడు, కుట్టుమిషను నూనె పోశాడు, చివరికి ఇస్త్రీ పెట్టెని ఆనించి వేడి చేశాడు. రెండు కదిలాయి. మూడోది కదలనంటే దాని వంశాన్నంతా తిట్టాడు. అప్పుడు కదిలింది.

మొదటి వారం పిల్లకి నరకమే. కాళ్లు లాగుతుంటే ఏడ్చేది. "తీసేయండి... కుండీలే... పెట్టుకోండి!" అని అరిచేది. ఇన్షిరాహ్ లోపలికెళ్లి కళ్లు తుడుచుకుని, మళ్లీ వచ్చి, "ఇంకో పాట అయ్యేదాకా" అనేది. రేడియోలో ఆ పాట ఎప్పటికీ అయ్యేది కాదు. ఒక్కోటి గంటసేపు సాగే పాటలవి.

ఈలోగా కబురు పాకింది. ఇలాంటి పిల్లలున్న తల్లులు చొక్కా ఇస్త్రీ వంకతో వచ్చి స్టాండు చుట్టూ తిరిగి చూసేవాళ్లు. ఒకావిడ అడిగింది: "అక్కా, ఆ కంటెయినర్‌లో ఇదొక్కటే వచ్చిందంటావా?"

ఇన్షిరాహ్‌కి అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

ఆ గురువారం నలుగురు తల్లులు, నలుగురు పిల్లలు దయాహస్తం మెట్లెక్కారు. హానిమ్ మీటింగులో ఉన్నారన్నారు. "పరవాలేదు, ఉంటాం," అన్నారు వీళ్లు. పిల్లల్ని మఖమల్ సోఫాల మీద పడుకోబెట్టారు. పిల్లలు వాళ్ల పద్ధతిలో చొంగ కార్చారు, ఒకడు వాంతి కూడా చేసుకున్నాడు. మీటింగు చాలా త్వరగా ముగిసింది.

వెతికితే మెడకీ నడుముకీ ఊతమిచ్చే చిన్న కుర్చీ కాపలావాడి గదిలో దొరికింది. దాని మీద టీ స్టవ్వు. డాబా మీద వాకరు కనిపించింది. దాని మీద తుండుగుడ్డలు ఆరుతున్నాయి. మూలన గుడ్డ కప్పి ఉన్నది స్నానం చేయించే కుర్చీ అని రావియా ఫోటో చూసి చెప్పింది. అందులో పాత పత్రికలున్నాయి. నాలుగో తల్లికి ఏమీ దొరకలేదు. ఆవిడ ఆ రోజు మెట్లు దిగుతూ ఏడ్చింది. ఆ మీదట ప్రతి గురువారమూ ఒక్కతే వెళ్లి ఆ సోఫాలోనే కూర్చుంటోంది, పిల్లాడితో సహా. కొత్త కంటెయినర్‌కి కబురు పెట్టామని హానిమ్ ఈమధ్య చెబుతోంది. ఈసారి కొలతలు కూడా రాయించుకుందట.

బుదూర్ ఇప్పుడు రోజూ సాయంత్రం దుకాణంలో నిలబడుతుంది. ఎదురుగా బల్ల మీదికి వంగి మెత్వల్లీ ఇస్త్రీ చేస్తుంటాడు. మొన్న ఆ పిల్ల తండ్రి నెత్తి వైపు చాలాసేపు చూసింది.

"నాన్నా... నీకు... నడినెత్తి మీద... జుట్టు లేదు."

మెత్వల్లీ తడుముకున్నాడు. "నిజమేనే! ఎప్పుడు పోయింది?"

"నాకేం... తెలుసు. ఇవాళే... చూశా."

చొక్కా కోసం నిలబడ్డ లాయరు గారు పకపకా నవ్వాడు. బుదూర్ కష్టం మీద మెడ అటు తిప్పి, ఆయన నెత్తి వైపు కూడా చూడబోయింది. ఆయన టోపీ పెట్టేసుకున్నాడు.