తొడుగుల్లేని చేతులు

రాజోలు దగ్గర జీడిపప్పు కార్ఖానాలో పిక్క పగలగొడుతుంటే పెంకులోని మంట సొన చింది సత్యకుమారి కంట్లో పడింది. "అమ్మో, కన్ను కాలిపోతందే!" అని ఆమె నేలమీద దొర్లింది. మేస్త్రీ చంద్రరావు చెంబుడు నీళ్లు కుమ్మరించి, "కడుక్కుని కూర్చో. పని ఆగకూడదు" అన్నాడు. పక్కనున్న లోవలక్ష్మి లేవబోతే కసిరి కూర్చోబెట్టాడు. సాయంత్రం దాకా ఎవర్నీ గేటు దాటనివ్వలేదు. కాకినాడ ఆసుపత్రికి చేరేసరికి కన్ను పోయింది.

కాలవ రేవులో సొన వదిలేలా బూడిదతో చేతులు రుద్దుకుంటూ ఆడాళ్లంతా వాదులాడుకున్నారు.

"గమ్మునుండండే. ఇది మూసేత్తే రోడ్డవతల కార్ఖానాలోళ్లు మనకి పనిత్తారా?" అంది అందరిలోకీ పెద్దదైన రత్నమాణిక్యం.

"రేపు నీ మనవరాలి కన్ను పోతేనో, పిన్నీ?" అంది లోవలక్ష్మి.

ముసలామె బూడిద చేతులు కాలవ నీళ్లలో ముంచింది.

చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు, పిక్కలు కాల్చే పొగ బయటికి పోయే గొట్టం కావాలని అందరూ కలిసి యజమాని భీమరాజును అడిగారు. "చూస్తానమ్మా" అన్నాడాయన. చూసి, ఆరోగ్య శిబిరం పెట్టించాడు. షామియానా, బ్యానరు, డాక్టరు, ఫొటోగ్రాఫరు.

"మీ ఆరోగ్యమే నా ఆస్తి" అని మైకులో చెప్పి, మొదటి మందుల పొట్లం అందుకోమని లోవలక్ష్మిని పిలిచాడు.

ఆమె మైకు ముందు నిలబడి, తోలూడి నల్లబడ్డ అరచేతులు చాపింది. "ఈ బలం బిళ్లలు మింగితే సొన కాల్చదాండీ? డాక్టరు గారండీ, మీరే సెప్పండి."

డాక్టరు తల దించుకున్నాడు. "తొడుగుల్లేకుండా ఈ పని చెయ్యకూడదమ్మా."

భీమరాజు మైకు ఆపించేశాడు. ఆడాళ్లు ఒక్కొక్కరే వచ్చి పొట్లాలు బల్లమీద పడేసి వెళ్లిపోయారు.

మర్నాడు అందరూ పనికొచ్చేసరికి గేటుకి తాళం. యజమాని మీద దాడి చేసిందని కేసు రాసి, పోలీసులు అక్కడే లోవలక్ష్మిని వ్యానెక్కించారు. కమ్మీల్లోంచి చూస్తోందామె. చంద్రరావు గేటు వారగా తెరిచి, "పనికొచ్చేవాళ్లకి ఇప్పుడే తొడుగులిస్తాం, రండి" అని కేకేశాడు.

రత్నమాణిక్యం ముందుకు నడిచింది. "పిన్నీ, నువ్వా!" అంది లోవలక్ష్మి.

ముసలామె గేటు దాకా వెళ్లి ఆగింది. "నాకొక్కదానికెందుకయ్యా? అందరికీ ఇయ్యండి. పొగ్గొట్టం ఎట్టండి. సత్యకుమారికి వైద్యం సేయించండి. ముందు మా లోవలచ్చిని దింపండి" అని వ్యాను చక్రాల ముందు చతికిలబడింది. వెనకాల అందరూ కూర్చున్నారు.

మొదటి లాఠీ దెబ్బ రత్నమాణిక్యం భుజం మీదే పడింది. ఆమె మూలిగింది గానీ లేవలేదు. రోడ్డవతల జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. సొన చేతులతోనే ఆడాళ్లు గుంపులుగా బయటికొస్తున్నారు.